గరగరలోని సంగీతము

పాటకు మాటయే ప్రాణమని పలువురి నమ్మకము. కాని వీణయు వేణువును మాట లేకయే మనసును కదిలింపగలవని మన శ్రోతలకు వేరుగ చెప్పనక్కరలేదు. పాశ్చాత్య రాక్ సంగీతములోను గాయకుని కంటె వాద్యములకే పెద్దపీట వేసిన శాఖ యొకటి కలదు. సైమన్ రేనాల్డ్స్ అను ఆంగ్ల విమర్శకుడు 1994లో ‘పోస్ట్-రాక్’ అను పేరును ప్రచారములోనికి తెచ్చెను.

ఆ శాఖకు చెందిన ‘సిక్స్టీఫైవ్ డేస్ ఆఫ్ స్టాటిక్’ బృందము 2001లో ఇంగ్లండులోని షెఫీల్డున పుట్టినది. రేడియో ముల్లు త్రిప్పునపుడు స్టేషనుకు స్టేషనుకు నడుమ వినవచ్చు గరగరను ఆంగ్లమున స్టాటిక్ అందురు. ప్రసారకులమైన మాకు అది శత్రువు, వారికి ముడిసరకు. ఉక్కు పరిశ్రమకు పేరొందిన ఆ నగరములో కాబరే వోల్టేర్ అను బృందము 1973 నుండియే టేపులతోను యంత్రధ్వనులతోను ప్రయోగములు చేసి యుండెను.

2004లో వెలువడిన తొలి ఆల్బము ‘ద ఫాల్ ఆఫ్ మ్యాథ్’లో గిటారు, పియానో, డ్రమ్ములు ఒక ప్రక్క, కంప్యూటరులో ముక్కలుగ కోసి కూర్చిన లయలు మరియొక ప్రక్క. మనిషి చేతికిని యంత్రమునకును పోరు సాగుచున్నట్లుండును. 2010 నాటి ‘వి వర్ ఎక్స్‌ప్లోడింగ్ ఎనీవే’లో ఆ పోరు సంధిగ మారినది. సింథసైజరు ముందునకు వచ్చినది. నృత్యశాలల లయ గిటారును తన వెంట నడిపించినది.

అసలు పరీక్ష 2016లో వచ్చినది. ‘నో మ్యాన్స్ స్కై’ అను కంప్యూటరు ఆటలో గ్రహములను గణితసూత్రమే సృష్టించును. ఆడువాడు ఎటు పోవునో, ఎచట ఎంతసేపు నిలుచునో ఎవరికిని తెలియదు. కావున బృందమువారు చిన్న చిన్న స్వరఖండములను సమకూర్చి యిచ్చిరి; ఆట సాగు తీరును బట్టి వానిని యంత్రము అప్పటికప్పుడు కూర్చును.

ఇది మన మనోధర్మము వంటిదే కదా యని తోచవచ్చును. పోలిక కొంతవరకే నిలుచును. రాగ నియమములకు లోబడి పాడు విద్వాంసుడు ఎచట విరమింపవలెనో ఆ క్షణమున తానే నిశ్చయించును. ఆటలోని సంగీతమునకు అట్టి ముగింపు లేదు. స్వరము వారిదే, నియమము మనుష్యులు పెట్టినదే. ముగించు హక్కు మాత్రము చేజారినది.

అయితే అదే యేడు ఆ రచనలనే వారు ఆదియంతములు గల ఆల్బముగను వెలువరించిరి. ‘రెప్లికర్, 2019’లో గిటారు వెనుకకు తగ్గి యంత్రనాదమే పరచుకొన్నను, ప్రతి రచనకును ఒక తుది కలదు. గరగరకు అంతము లేదు. దానిని ఒకచోట ఆపి మౌనమును వినిపించినపుడే అది సంగీతమగునని మా తలంపు.