నవాసారం: పేడ మసిలోంచి కళాయి మెరుపు దాకా

కళాయి వేసే మనిషి గుండిగను కొలిమి మీద బాగా కాల్చి, లోపల చిటికెడు తెల్లపొడి చల్లుతాడు. గుప్పున తెల్లటి పొగ లేస్తుంది, ముక్కు మండుతుంది. తగరం కడ్డీ తాకించి దూది ఉండతో నాలుగుసార్లు తిప్పాడంటే గిన్నె లోపలంతా వెండిలా తేలుతుంది. చూసేవాళ్ల కళ్లు తగరం మీదే ఉంటాయి. అసలు పని చేసింది మాత్రం ఆ పొడి. దాని పేరు నవాసారం.

రాగి, ఇత్తడి గిన్నెల్లో పులుసో మజ్జిగో నిలవుంటే చిలుమెక్కుతుంది. అందుకే ఈ తగరం పూత. కానీ తగరం శుభ్రమైన లోహానికే అంటుతుంది. ఇసుక వేసి, చింతపండు వేసి ఎంత తోమినా, గిన్నె పొయ్యెక్కగానే గాలి తగిలి నల్లటి ఆక్సైడ్ పొర మళ్లీ కమ్ముతుంది. అంటే కాలుతున్నప్పుడే తోమాలి! ఆ వేడిలో చెయ్యి పెట్టలేం కనుక నవాసారం పెడతారు. ఈ అమ్మోనియం క్లోరైడ్ దాదాపు 340 డిగ్రీల దగ్గర కరగకుండానే ఆవిరై, అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోతుంది. ఆ ఆమ్లపు ఆవిరి ఆక్సైడ్‌ను తినేస్తుంది. 232 డిగ్రీలకే కరిగే తగరం, బయటపడ్డ లోహం మీద పాకుతుంది.

కొందరు నవాసారాన్ని నవసాగరం అంటారు గానీ సాగరంతో దీనికి చుట్టరికమేమీ లేదు. పారశీకులు నూషాదిర్ అన్న ఉప్పే ఇది. నేటి తజికిస్తాన్‌లో, జరఫ్షాన్ నది ఎగువన, భూమిలోని బొగ్గు పొరలు తమంతట తాము కాలుతూ ఉంటాయి. ఆ ఆవిర్లు చల్లబడిన చోట ఈ ఉప్పు పేరుకుంటుంది. అక్కడి గుహ పైన గది కట్టి ఆవిరిని బంధించేవారనీ, తడిపిన కంబళి దుస్తులు తొడుక్కుని లోపలికి దూరి, చేతికందినంత తీసుకుని పరుగున బయటపడేవారనీ 10వ శతాబ్దపు అరబ్ భూగోళవేత్త ఇబ్న్ హౌకల్ రాశాడు. ఈ ఉప్పు కోసం మనుషులు అంత సాహసం చేశారు.

మన దేశంలో దారి వేరు. పాత రసశాస్త్ర గ్రంథం రసరత్న సముచ్చయం నవాసారాన్ని ‘సాధారణ రసాలు’ అనే పదార్థాల వర్గంలో చేర్చి, ఇటుకలు కాల్చేటప్పుడు పుట్టే తేలికైన తెల్లని లవణమని చెప్పింది. అది ఊహ కాదు. నేటి హర్యానాలోని కైథల్ ప్రాంతపు కుమ్మరులు 19వ శతాబ్దంలోనూ అలాగే తయారుచేసేవారు. చెరువు అడుగు మురికి మట్టితో ఇటుకలు చేసి, పేడ మంటలో కాల్చి, వాటి మీద పేరుకున్న పెచ్చును గీకేవారు. దాన్ని నీళ్లలో కరిగించి, వడగట్టి, మరిగించి, చివరికి మట్టి పూసిన గాజు పాత్రల్లో ఆవిరి పట్టించి శుద్ధి చేసేవారు. చదువుకున్న రసాయన శాస్త్రవేత్తలు వాళ్లు కారు. వాళ్ల పనితనం ఏ శాస్త్రవేత్తకూ తీసిపోదు.

ఈజిప్టులోనూ పేడే ఆధారం. కట్టెలు కరువైన ఆ దేశంలో ఒంటె పేడ, ఆవు పేడ పిడకలే వంటచెరకు. వాటి మసిని గాజు బుడ్లలో కాచి, అందులోంచి తీసిన నవాసారాన్ని యూరప్‌కు ఎగుమతి చేశారు. ఈ వ్యాపారంలో ఈజిప్టు గుత్తాధిపత్యాన్ని సడలించినవాళ్లలో ఒకడు, తరవాత ఆధునిక భూగర్భశాస్త్రానికి పితామహుడనిపించుకున్న జేమ్స్ హట్టన్. మిత్రుడు జేమ్స్ డేవీతో కలిసి ఎడిన్‌బరో పొగగొట్టాల మసిలోంచే ఈ ఉప్పు తీశాడు. ఆ తరవాత బొగ్గు గ్యాసు కర్మాగారాలు దీన్ని చవక చేశాయి. 1866లో ఫ్రెంచ్ ఇంజనీరు లెక్లాంషే కనిపెట్టిన విద్యుత్ ఘటంలోనూ ఇదే చేరింది.

స్టీలు గిన్నెలొచ్చాక వీధుల్లో కళాయి కేక తగ్గిపోయింది. హైదరాబాదులో బిరియానీ, హలీం వండే రాగి డేగులకు మాత్రం ఇప్పటికీ కళాయి పడుతోంది. మీ ఇంట్లో అటక మీద పాత ఇత్తడి గిన్నె ఉంటే దించి కళాయి వేయించండి. సీసం కలవని తగరమే వాడమని అడగండి. ఆ తెల్లపొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, పిల్లల్ని దూరంగా ఉంచి, పనివాడికి గాలి ఆడే ఆరుబయట చోటు చూపండి.