ఆటగాడి టీసీ

సంక్రాంతి కబడ్డీ పోటీల్లో కూత మొదలయ్యేలోపే తగవు మొదలవుతుంది. ఆ కుర్రాడు మీ ఊరివాడు కాదని ఒక పక్షం, మా మేనల్లుడే, ఏడాదిగా ఇక్కడే ఉంటున్నాడని ఇంకో పక్షం. కాలేజీల మధ్య పోటీలైతే ప్రిన్సిపాల్ సంతకంతో బోనఫైడ్ సర్టిఫికెట్ చూపించాలి. అరువు తెచ్చుకున్న ఆటగాడి మీద అనుమానం మనకు కొత్త కాదు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇదే తగవు నూట పాతికేళ్లు దాటి నడుస్తోంది. అక్కడ మాత్రం అది గవర్నర్ల దాకా, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టుకు నేను చాలా ఏళ్లుగా అభిమానిని. మేమంతా దాన్ని ‘కాల్’ అంటాం. (వాళ్ల ఫుట్‌బాల్ కాళ్లతో ఆడేది కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టుకుని దూసుకుపోయేది.) ఆటగాళ్లు ఏటా జట్టు మారిపోతున్నారని తోటి అభిమానులు బాధపడితే ఆ బాధ నాకూ ఉంది. నేర్చుకున్న పేర్లు నోటికి పట్టేలోపే మారిపోతున్నాయి. కానీ నేరం ఆటగాడి మీద మోపితే మాత్రం ఒప్పుకోలేను. సొమ్ము కోసం ముందుగా గడప దాటినవాళ్లు ఆటగాళ్లు కారు.

అరువు ఆటగాడి కథ మాత్రం పాతదే. 1896 అక్టోబర్‌లో ఫీల్డింగ్ యోస్ట్ వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో లా చదువుతున్నాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం అప్పటికి వరసగా 36 ఆటలు గెలిచి ఎదురులేని జట్టుగా ఉంది. దానితో తలపడబోతున్న లాఫయెట్ కాలేజీలో యోస్ట్ సరిగ్గా ఆట ముందు చేరాడు. లాఫయెట్ 6-4తో గెలిచింది. ఆ తరవాత కొద్దిరోజులకే యోస్ట్ తిరిగి వెస్ట్ వర్జీనియాకు వెళ్లి డిగ్రీ పూర్తి చేసుకున్నాడు. ఎవరూ అతన్ని ఏడాది పాటు బెంచీ మీద కూర్చోమనలేదు. అతనే తరవాత మిషిగన్‌లో పేరుమోసిన కోచ్ అయ్యాడు. లక్షమందికి పైగా పట్టే మిషిగన్ స్టేడియం 1927లో తెరుచుకున్నది అతని హయాంలోనే. అరువు ఆటగాడిగా పేరుపడ్డవాడు ఒక పెద్ద విశ్వవిద్యాలయానికి క్రీడాధిపతి కావడానికి ఏ అడ్డూ లేని కాలమది.

పాతకాలంలో ఆట కేవలం ఆటగానే ఉండేదని చాలామంది నమ్ముతారు. నాకు ఆ నమ్మకం లేదు. అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన మొదటి పోటీ 1852లో హార్వర్డ్, యేల్ విద్యార్థుల పడవ పందెం. న్యూహాంప్‌షైర్‌లోని విన్నిపెసాకీ సరస్సు మీద జరిగిన ఆ పందేనికి ఖర్చు భరించింది ఒక రైల్వే కంపెనీ. పందెం చూడటానికి జనం రైలెక్కుతారని దాని ఆశ. అంటే పుట్టినరోజునే టికెట్ల లెక్క ఉంది.

కళ్లెం వేయడానికి విశ్వవిద్యాలయాలే ముందుకొచ్చాయి. 1895 జనవరిలో ఏడు విశ్వవిద్యాలయాల అధ్యక్షులు షికాగోలో సమావేశమయ్యారు. మరుసటి ఏడాది ఆచార్యుల ప్రతినిధులతో ఒక సంఘం ఏర్పడింది. ఇప్పుడు బిగ్ టెన్ అని పిలిచే కాన్ఫరెన్స్ అదే. ఆడేవాడు నిజంగా ఆ కాలేజీలో చదువుకునే విద్యార్థే కావాలన్నది వాళ్ల మొదటి నియమాల్లో ఒకటి. మన సర్టిఫికెట్ల మీదున్న ‘బోనఫైడ్’ మాటే వాళ్లూ వాడారు. 1905లో మైదానాల్లో కనీసం 18 మంది కుర్రాళ్లు చనిపోయారు. ఆ ఏడాదే అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పెద్దలను వైట్‌హౌస్‌కు పిలిపించాడు. ఆ కదలికలోంచి 1906లో పుట్టిన సంఘమే 1910 నుంచి ఎన్‌సీఏఏ (జాతీయ కాలేజీ క్రీడా సంఘం) అయింది. ప్రాణాలు కాపాడటానికి పుట్టిన సంస్థ అది. డబ్బు, బదిలీల మీద పెత్తనం దానికి తరవాత అలవడింది.

విశ్వవిద్యాలయ రాజకీయం ఎలా ఉంటుందో తెలియాలంటే షికాగో కథ వినాలి. షికాగో విశ్వవిద్యాలయం బిగ్ టెన్ స్థాపకుల్లో ఒకటి. ఏమోస్ అలొంజో స్టాగ్ నలభై ఏళ్లు అక్కడ కోచ్‌గా ఉన్నాడు. ఇప్పటికీ దేశంలో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీని 1935లో మొట్టమొదట అందుకున్న జే బర్‌వాంగర్ షికాగో ఆటగాడే. కానీ అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ దృష్టిలో ఆ ఆట చదువుకు శత్రువు. 1939లో జట్టు మిషిగన్ చేతిలో 85-0తో ఓడింది. ఆ డిసెంబర్‌లో హచిన్స్ ఫుట్‌బాల్‌ను పూర్తిగా రద్దు చేశాడు. మూడేళ్ల తరవాత, 1942 డిసెంబర్ 2న, అదే స్టాగ్ మైదానం గ్యాలరీల కిందున్న గదిలో ఎన్రికో ఫెర్మీ బృందం అణు గొలుసు చర్యను నడిపి చూపింది. హచిన్స్ చేసింది సరైనదేనా అని ఎన్నోసార్లు ఆలోచించాను. ఆటను ప్రేమించేవాడిగా నాకు కష్టంగా ఉంటుంది. అయినా అతను నిజాయితీపరుడు. తనకు అక్కర్లేదనుకున్నదాన్ని తీసేశాడు. తరవాతివాళ్లు ఆటనూ వదలలేదు, ఆటగాడి చెమటకు వెల కట్టడానికీ ఒప్పుకోలేదు.

1929లో కార్నెగీ ఫౌండేషన్ నివేదిక ఆటగాళ్లకు చాటుమాటుగా సొమ్ము ముడుతోందని కాలేజీ తరవాత కాలేజీ గురించి బయటపెట్టింది. ఎన్‌సీఏఏ 1948లో ‘శానిటీ కోడ్’ పేరుతో కట్టుదిట్టం చేయబోతే, వర్జీనియా సహా ఏడు కాలేజీలు ఎదురుతిరిగాయి. వాటిని బహిష్కరించడానికి 1950లో సరిపడా ఓట్లు రాలేదు. ఆ కోడ్ అక్కడితో నీరుగారింది. 1956కల్లా ఆట కోసమే స్కాలర్‌షిప్ ఇవ్వడం న్యాయబద్ధమైంది.

అదే రోజుల్లో ‘స్టూడెంట్-అథ్లెట్’ అనే జంటపదం పుట్టింది. కొలరాడోలో ఒక చిన్న కాలేజీ ఆటగాడు తలకు దెబ్బ తగిలి 1955లో చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికిచ్చే పరిహారం తనకూ ఇవ్వాలని అతని భార్య కోరింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 1957లో కాదంది. ఎన్‌సీఏఏను 1951 నుంచి దశాబ్దాల పాటు ఏలిన వాల్టర్ బయర్స్, ఇలాంటి దావాల నుంచి కాలేజీలను కాపాడటానికే ఆ మాటను వాడుకలోకి తెచ్చామని పదవి దిగాక తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. ఆటగాడు విద్యార్థే, ఉద్యోగి కాడు. ఆ ఒక్క మాట మీద ఇన్నేళ్లూ ఈ భవనం నిలబడింది.

బదిలీల నియమం కూడా ఆ మాట నీడలోనే పెరిగింది. కాలేజీ మారిన ఆటగాడు కొత్తచోట ఒక ఏడాది ఆడకూడదన్నది ఆ నియమం. కొత్త చదువుకు అలవాటు పడటానికేనని చెప్పేవారు. నిజమైతే అందరికీ వర్తించాలి కదా! ఈతగాళ్లకు, టెన్నిస్ ఆటగాళ్లకు ఒకసారి మారితే ఆ శిక్ష ఉండేది కాదు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి, గల్లాపెట్టె నింపే ఆటలకు ఉండేది. నల్లజాతి యువకులు ఎక్కువగా ఆడేవీ అవే. పైగా పాత కాలేజీ అనుమతి లేకుండా కొత్త కాలేజీ అతనితో మాట్లాడటానికే వీలుండేది కాదు. ఫీజు బాకీ ఉందని టీసీ బిగబట్టే కాలేజీలను మనం చూశాం. ఇక్కడ బాకీ కూడా లేదు, బిగబట్టడమే. అటుపక్క 1973 నుంచి స్కాలర్‌షిప్ నాలుగేళ్లకు బదులు ఏడాదికోసారి పొడిగించేదిగా మారింది. ఆటగాడు మాత్రం కట్టుబడి ఉండాలి, కాలేజీకి ఆ కట్టుబాటు ఒక్క ఏడాదే.

టెక్సస్‌లో పెద్దలకు ఏ కట్టుబాట్లు ఉండేవో 1987లో లోకం చూసింది. ఆటగాళ్లకు రహస్యంగా డబ్బిచ్చినందుకు సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్‌ను ఎన్‌సీఏఏ ఆ ఏడాదికి నిలిపేసింది. తర్వాతి ఏడాది ఆ కాలేజీయే ఆడలేదు. ఆ నిషేధం పడ్డ కొద్దిరోజులకే రాష్ట్ర గవర్నర్ బిల్ క్లెమెంట్స్, తాను ఆ విశ్వవిద్యాలయ పాలకమండలి అధ్యక్షుడిగా ఉండగా ఆ చెల్లింపులు కొనసాగడానికి ఒప్పుకున్నానని బయటపెట్టాడు. జట్టు పోయింది, ఆటగాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. గవర్నర్ పదవిలోనే ఉన్నాడు.

అప్పటికే ఇంకో తలుపు తెరుచుకుంది. ఏ జట్టు ఎన్నిసార్లు టీవీలో కనిపించాలో నిర్ణయించే అధికారం ఎన్‌సీఏఏకు లేదని 1984లో సుప్రీంకోర్టు 7-2తో తీర్పిచ్చింది. దావా వేసింది ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు. కాలేజీ ఆటను మామూలు వ్యాపారంలా చూడటం పొరపాటని అసమ్మతి రాసిన జస్టిస్ బైరన్ వైట్ ఒకప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయానికి ఆడిన ఫుట్‌బాల్ వీరుడు. ఆ తీర్పుతో టీవీ సొమ్ము కాన్ఫరెన్స్‌ల చేతికొచ్చింది. ఎక్కువ చెల్లించే కాన్ఫరెన్స్ వైపు విశ్వవిద్యాలయాలు కదలడం మొదలుపెట్టాయి. 1994లో టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం పాత సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌ను వదిలి వెళ్తుంటే, బేలర్, టెక్సస్ టెక్‌లను కూడా వెంట తీసుకెళ్లాల్సిందేనని లెఫ్టినెంట్ గవర్నర్ బాబ్ బుల్లక్ పట్టుబట్టాడు. ఆ రెండూ అతను చదివినవే. రాష్ట్ర బడ్జెట్ మీద పట్టున్నవాడు అడిగితే కాదనేదెవరు? అండ లేని రైస్, హ్యూస్టన్ వంటివి వెనకబడిపోయాయి. తొమ్మిదేళ్ల తరవాత వర్జీనియా టెక్‌ను ఏసీసీ కాన్ఫరెన్స్‌లో చేర్పించడానికి గవర్నర్ మార్క్ వార్నర్ కూడా ఇలాగే ఒత్తిడి తెచ్చాడు.

నా జట్టు దగ్గరకొస్తే గొంతు కొంచెం పట్టేస్తుంది. 2022 జూన్ 30న లాస్ ఏంజిలెస్ విశ్వవిద్యాలయాలు యూసీఎల్ఏ, యూఎస్‌సీ మాతో కలిసి ఉన్న పాక్-12 కాన్ఫరెన్స్ వదిలి బిగ్ టెన్‌కు వెళ్తున్నట్టు ప్రకటించాయి. యూసీఎల్ఏ, బర్కిలీ ఒకే తల్లి పిల్లలు. రెండింటి మీదా పెత్తనం ఒకే రీజెంట్ల మండలిది. ప్రజల విశ్వవిద్యాలయం ఇలా ఎలా చేస్తుందని గవర్నర్ న్యూసమ్ నిలదీశాడు. నెలల తరబడి చర్చలయ్యాక డిసెంబర్‌లో రీజెంట్లు అనుమతించారు, బర్కిలీకి పరిహారం చెల్లించాలన్న షరతుతో. ఆ మొత్తం ఏడాదికి కోటి డాలర్లని 2024లో తేల్చారు. వేరుపడ్డ తమ్ముడు అన్నకు భరణం ఇచ్చినట్టు! 2023 ఆగస్టులో ఆరెగన్, వాషింగ్టన్, ఆరిజోనా కూడా వెళ్లిపోవడంతో, 1915 నాటి మూలాలున్న కాన్ఫరెన్స్ కుప్పకూలింది. సెప్టెంబర్ 1న కాల్, స్టాన్‌ఫర్డ్‌లను చేర్చుకోవడానికి ఏసీసీ ఒప్పుకుంది. పేరులోనే అట్లాంటిక్ తీరం ఉన్న కాన్ఫరెన్స్‌లో పసిఫిక్ తీరపు కాలేజీలు. మా వాలీబాల్ అమ్మాయిలు పరీక్షల మధ్య దేశం ఈ చివర నుంచి ఆ చివరకు విమానాల్లో తిరుగుతున్నారు. ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రం ఒంటరిగా మిగిలాయి. 1959లో పాత కాన్ఫరెన్స్ రద్దయి కొత్తది ఏర్పడినప్పుడు కూడా మొదట బయట ఉండిపోయినవాటిలో అవి రెండూ ఉన్నాయి. కాన్ఫరెన్స్ మారిన ఈ విశ్వవిద్యాలయాల్లో ఏ ఒక్కటీ ఒక్క ఏడాది కూడా బెంచీ మీద కూర్చోలేదు.

కోచ్‌లూ అంతే. 2021 నవంబర్‌లో ఓక్లహోమా ఒక ఆట ఓడిన మర్నాడే కోచ్ లింకన్ రైలీ యూఎస్‌సీకి వెళ్లిపోయాడు. అతని మాట నమ్మి ఓక్లహోమాలో చేరిన, మైదానంలో జట్టును నడిపే క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్ కూడా వెంట వెళ్లి, 2022 హైస్‌మన్ గెలిచాడు. పాత నియమమే ఉంటే కోచ్ మైదానంలో ఉండేవాడు, కుర్రాడు ఏడాది ఖాళీగా కూర్చునేవాడు.

ఆ నియమం ఒక్కో మేకూ ఊడుతూ పోయింది. 2018 అక్టోబర్ 15న ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’ మొదలైంది. వెళ్తానని ఆటగాడు చెబితే చాలు, కాలేజీ అతని పేరు అందులో చేర్చాలి. టీసీ ఆపే అధికారం పోయింది. 2019లో కాలిఫోర్నియా, ఆటగాళ్లు తమ పేరుతో సంపాదించుకోవచ్చని చట్టం చేసింది. ఆ బిల్లు తెచ్చిన సెనేటర్ నాన్సీ స్కిన్నర్ అప్పటి బర్కిలీ ప్రతినిధి. ఆ సంగతి నాకు గర్వంగా ఉంటుంది. 2021లో అన్ని ఆటలవాళ్లూ ఒకసారి స్వేచ్ఛగా మారే వీలొచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు, ఆటగాళ్లకిచ్చే చదువు సాయానికి పరిమితులు పెట్టినందుకు 9-0తో ఎన్‌సీఏఏను తప్పుపట్టింది. 2023 డిసెంబర్‌లో ఏడు రాష్ట్రాలు వేసిన దావాలో, రెండోసారి మారినవాళ్లను ఆపకూడదని ఫెడరల్ జడ్జి తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చాడు. ఆ కోర్టు వెస్ట్ వర్జీనియాలోది, యోస్ట్ ఒక ఆట కోసం వదిలి వెళ్లి తిరిగొచ్చిన రాష్ట్రం. 2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ లొంగింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదం పొందిన రాజీ ఒప్పందంతో పాత ఆటగాళ్లకు దాదాపు 280 కోట్ల డాలర్లు, ఇప్పటివాళ్లకు ఒక్కో విశ్వవిద్యాలయం నుంచి ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల దాకా నేరుగా అందే దారి ఏర్పడింది.

ఇప్పుడున్నది బాగుందని నేననను. ఏటా నాలుగో కాలేజీ, ఐదో కాలేజీ అంటూ తిరిగే కుర్రాడి క్రెడిట్లు ఎక్కడ చెల్లుతాయో, డిగ్రీ ఎప్పుడు వస్తుందో అని దిగులుపడతాను. దీనికి మందు పాత సంకెళ్లు కావు. వాళ్లను ఉద్యోగులుగా ఒప్పుకుని, సంఘం పెట్టుకోనిచ్చి, ఇరుపక్షాలూ సంతకం చేసే రెండేళ్ల, మూడేళ్ల ఒప్పందాలు రాసుకుంటే నిలకడ దానంతటదే వస్తుంది. డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు 2024 మార్చిలో 13-2తో సంఘానికి ఓటేశారు. కాలేజీ ఒప్పుకోలేదు, ఏడాది చివర్లో వాళ్లు దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు.

2024 సీజన్ అయ్యాక మా క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా ఇండియానాకు వెళ్లిపోయాడు. 2025 హైస్‌మన్ అతనికే వచ్చింది. నీలం, బంగారు రంగుల్లో మా మెమోరియల్ స్టేడియంలో అతన్ని చూసినవాణ్ని. ఇండియానా ఎరుపులో టీవీలో చూస్తూ కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.