మగ్రిబ్ అజాన్ దాకా మైదాన్‌లో

"టీవీ బంద్ చెయ్, బయటికెళ్లి ఆడుకో" అని ఇప్పుడు ప్రతి ఇంట్లో అమ్మీ అంటూనే ఉంది. ఇందులో ఉన్నవి రెండు హుకుంలు. మొదటిది మన చేతిలో పనే, రిమోట్ నొక్కితే అయిపోతుంది. రెండోదాని దగ్గరే చిక్కు. బయట అంటే ఎక్కడ? ఈ సవాల్ నన్ను కొన్నాళ్లుగా వదలడం లేదు. జవాబు కోసం మన షహర్ తారీఖ్‌లో కొంచెం వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. తారీఖ్ అంటే బాద్‌షాలూ జంగులేనా? పిల్లల ఆటలకూ ఒక తారీఖ్ ఉంటుంది, కాకపోతే రాసిపెట్టేవాళ్లు తక్కువ.

సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ పేరు చాలామంది పిల్లలకు ఈమధ్య అజయ్ దేవగణ్ సినిమాతో తెలిసింది. ఆయన హైదరాబాదీ, 1909లో పుట్టారు. పేశా చూస్తే స్కూల్ మాస్టర్. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూల్... ఇలా అన్నీ మన గల్లీల్లోని బడులే. ఉర్దూ మీడియంలో చదువుకున్నవాణ్ణి కాబట్టి ఈ పేర్లు రాస్తుంటే నాకు కొంచెం ఫఖ్ర్‌గా ఉంటుంది, మాఫ్ చేయండి. పాఠం చెప్పే ఆ మాస్టరే సాయంత్రం మైదాన్‌లో ఉస్తాద్. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఇండియా టీంకు కోచ్‌గా 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో సోనా మెడల్ తెచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు వెళ్లిన టీంలో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, తులసీదాస్ బలరాం అందరూ మన జంట నగరాల కుర్రాళ్లే. 1962లో జకార్తా. అప్పటికే రహీం సాబ్‌ను కేన్సర్ పట్టుకుంది. ఆ హాలత్‌లోనే టీంను నడిపించి, ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించారు. తర్వాతి ఏడాది జూన్‌లో ఇంతెకాల్ అయ్యారు.

మెడల్స్ లెక్కకోసం ఇదంతా చెప్పడం లేదు. ఆ కుర్రాళ్లు ఎక్కడి నుంచి వచ్చారన్నది చూడండి. బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ పిల్లాడు, ఇంట్లో గరీబీ. బూట్లు కొనే తాహతు లేక, పాత పోలీసు బూట్లను మోచీ దగ్గర ఆటకు పనికొచ్చేలా కుట్టించుకున్నాడు. కానీ అడుగు బయట పెడితే కంటోన్మెంట్ మైదాన్లు ఉండేవి. అక్కడ ఫౌజీలు ఆడుతుంటే గట్టున నిలబడి చూసి నేర్చుకున్న పిల్లలు ఎందరో. ఇటు పాతబస్తీ వైపు బార్కస్ చూడండి. నిజాం ఫౌజులో పనిచేసిన అరబ్బుల ఔలాద్ ఉండే మొహల్లా, బ్యారక్స్ అన్న మాటే నోళ్లలో నలిగి బార్కస్ అయింది. అక్కడ ఫుట్‌బాల్ శౌఖ్ తాతల నుంచి మనవళ్లకు దిగింది. రహీం సాబ్ ఈ పిల్లల కోసం డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు కూడా పెట్టారు. బాల్ కాలికి తగలగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. అలా ఒక్కడే మెరిసే అలవాటు పోయి, కలిసి ఆడడం వచ్చింది.

ఇక టీవీ సంగతి. ఢిల్లీలో 1959లోనే మొదలైనా మన దగ్గరికి రావడానికి టైం పట్టింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు శాటిలైట్ ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లకు ప్రోగ్రాంలు చూపించిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఊళ్లు కూడా ఉన్నాయి. ఊరికి ఒకే సెట్, దాని ముందు ఊరంతా నేలమీద. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. అదే జమానాలో మన అబ్బాలు, మామూలు సౌదీ, కువైట్, దుబాయి బాట పట్టారు. సెలవుమీద వచ్చేవాళ్ల సామానులో టూ-ఇన్-వన్, తర్వాత కలర్ టీవీ, వీసీఆర్. చాలా మొహల్లాల్లో మొదటి టీవీ గల్ఫ్ ఇంట్లోనే వెలిగింది.

ఒక విషయం మనం మర్చిపోయాం. అప్పటి టీవీకి హద్దు ఉండేది, ఆ హద్దు పెట్టింది తల్లిదండ్రులు కాదు. మామూలు రోజుల్లో దూరదర్శన్ సాయంత్రం మొదలై రాత్రికి తనే బంద్ అయ్యేది. బడి వదిలినప్పటి నుంచి మగ్రిబ్ అజాన్ దాకా అందులో పిల్లలకోసం పెద్దగా ఏమీ ఉండేది కాదు కాబట్టి గిల్లీ దండా, గోలీలు, ఏడు పెంకులాట, పతంగులు వాటి జాగాలో అవి నడిచాయి. అజాన్ వినపడగానే ఇల్లు, కాళ్లు కడుక్కోవడం, ఆ తర్వాతే టీవీ. 1983లో కపిల్ దేవ్ టీం వరల్డ్ కప్ గెలిచినప్పుడైతే టీవీయే పిల్లల్ని గల్లీలోకి తరిమింది. చేతికి బ్యాట్ దొరకని వాడు కొబ్బరిమట్ట పట్టుకున్నాడు.

1991 తర్వాత కేబుల్ వచ్చింది. 1995లో ఇటు ఈటీవీ, అటు కార్టూన్ నెట్‌వర్క్. అప్పుడు పోయింది ఆ హద్దు. ఇవాళ చేతిలో ఫోన్ కూడా చేరింది, దానికి రాత్రి అంటూ లేదు.

అందుకని నేరమంతా టీవీమీద వేస్తే బేఇన్సాఫీ అవుతుంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ వెలుగు తగ్గడం ఇంటింటికీ టీవీ రాకముందే మొదలైంది. రహీం సాబ్ పోయారు, మంచి ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు పిలుచుకున్నాయి. హబీబ్, అక్బర్, నయీముద్దీన్ పేరు తెచ్చుకున్నది అక్కడే. ఇటు షహర్ పెరిగి ఖాళీ జాగా ప్లాట్లయింది, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. 1687లో గోల్కొండ మీదికి వచ్చిన ఔరంగజేబు ఫౌజు విడిది చేసిన ఫతే మైదాన్ ఇవాళ ప్రహరీ ఉన్న స్టేడియం. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. దుకాణాల పైన మూడో అంతస్తులో నడిచే బడిలో ఆ ఆటస్థలం ఎక్కడ ఉంటుందో నాకైతే అర్థం కాదు. గ్రౌండ్ ఉన్న బడులు కూడా చివరి గంట కొట్టగానే గేటుకు తాళం వేస్తాయి. ఆ తాళం చెవి అడిగే హక్ పేరెంట్స్‌కు ఉందని నా ఖయాల్.

ఆటంటే టైం వేస్ట్ అనే బుజుర్గులు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లకు ఇమాం గజాలీ మాట గుర్తుచేయాలి. 1111లో వఫాత్ అయిన ఆ ఆలిం, ఇహ్యా ఉలూముద్దీన్‌లో పిల్లల తర్బియత్ గురించి రాస్తూ, మక్తబ్ నుంచి వచ్చిన పిల్లాణ్ణి మంచి ఆట ఆడుకోనివ్వాలనీ, ఎప్పుడూ చదువుకే కట్టేస్తే మనసు చచ్చి బుద్ధి మొద్దుబారుతుందనీ చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క దీనికి దూరంగా ఏం లేదు. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు చెమటపట్టే కదలిక కావాలంది. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు స్క్రీన్ గంటకు మించకూడదంది, అంతకంటే తక్కువైతే మేలట. అస్ర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య మనకు గంటకు పైనే దొరుకుతుంది, చలికాలంలో కూడా.

ఇదంతా మగపిల్లల తారీఖే అని మీరు అంటే ఒప్పుకుంటాను. పదేళ్లు దాటగానే మన ఇళ్లలో ఆడపిల్లను లోపలికి పిలిచేస్తాం. భాయీ మైదాన్‌లో, బెహన్ టీవీ ముందు. ఆమెతో "టీవీ బంద్ చెయ్" అనడమంటే ఉన్న ఒక్క ఖిడ్కీ కూడా మూసేయడం. ఆమె వెళ్లాల్సిన "బయట" గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నిజామాబాద్‌లో ఒక అబ్బా మాట్లాడారు. తనూ ఆటగాడే కాబట్టి కూతుర్ని కలెక్టరేట్ గ్రౌండ్‌కు తీసుకెళ్లి పరుగు నేర్పించారు. అక్కడ అన్ని ఆటల్లో అమ్మాయిలున్నారు, బాక్సింగ్‌లో మాత్రం లేరు. ఎందుకు లేరని కూతురు అడిగింది. ఆ కూతురు నిఖత్ జరీన్. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో వరల్డ్ చాంపియన్ అయింది.