సాక్ష్యం లేకపోవడం సాక్ష్యమా?

చర్చల్లో తరచుగా వినబడే వాదం ఒకటి ఉంది: “దీనికి ఆధారం దొరకలేదు. కావున ఇది జరగలేదు.” పైకి ఇది తిరుగులేని మాటగా తోస్తుంది. కాని ఆధారం మనకు దొరకకపోవడం వేరు, అసలు ఆధారమే లేకపోవడం వేరు. ఉసూలె ఫిఖహ్ పండితులు ఈ భేదాన్ని ఏనాడో గుర్తించారు. “అదమె ఇల్మ్” అంటే తెలియకపోవడం. “ఇల్మె అదమ్” అంటే లేదని తెలియడం. మొదటిదాన్ని రెండవదిగా చూపడం చెల్లదన్నారు. ఈ నియమం ఫిఖహ్‌కే పరిమితం కాదనడానికి కరీంనగర్ మట్టిలోనే నిదర్శనం ఉంది.

శాతవాహనులను పురాణాలు ఆంధ్రులన్నాయి. అయితే వంశకర్త సిముకుని పేరు చెక్కబడి ఉన్నది మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో. తొలి తరాల శాసనాలు కూడా నానేఘాట్, నాసిక్‌లలోనే బయటపడ్డాయి. తెలుగు నేలపై అటువంటివి కనబడలేదు. 1918-19లో వి.ఎస్. సుక్తంకర్ ఈ రాజుల స్వస్థలం ఆంధ్రదేశం కాదని, బళ్ళారి ప్రాంతమని వాదించారు. బళ్ళారి వైపు ఆయనకు ఒక ప్రత్యక్షాధారం ఉంది: శాసనాల్లో కనిపించే “సాతవాహనిహార” అనే ప్రాంతనామం. కాని తెలుగు నేలను తోసిపుచ్చడానికి ఆయన ఆశ్రయించిన ముఖ్యాధారాల్లో ఇక్కడి మౌనం ఒకటి. ఆ మౌనానికి బలమెంత? నాటి కరీంనగర్ జిల్లాలోని పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల దిబ్బల మీద అప్పటికింకా పలుగు పడలేదు.

ఇమామ్ గజాలీ (మరణం హి. 505 / క్రీ.శ. 1111) “అల్ ముస్తస్ఫా”లో కాదనేవాడు కూడా ఆధారం చూపాలా అనే ప్రశ్నను చర్చించి, చూపవలసిందేనన్నారు. ఆయన ఇచ్చిన ఉపమానం తేటగా ఉంటుంది. చూపున్నవాడు తన ఇంట్లో ఒక వస్తువు కోసం మూలమూలా వెదికి “లేదు” అంటే ఆ మాటకు విలువ ఉంటుంది. ఆ ఇల్లెరుగని అంధుడు “లేదు” అంటే ఉండదు. శాతవాహనుల విషయంలో జరిగింది రెండవదే. ఇల్లు వెదకకముందే తీర్పు వెలువడింది.

పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఉన్న కోటిలింగాల 2016 నుండి జగిత్యాల జిల్లాలో ఉంది. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ అక్కడ నాణేలు సేకరించారు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి ప్రకటించారు. 1979-83 మధ్య వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో పురావస్తుశాఖ తవ్వకాలు జరిపింది. సిముకుని పేరుగా చదవబడిన నాణేలు అక్కడ లభించాయి. వాటితోపాటు గోభద, నారన, కంవాయసిరి, సమగోప వంటి పేర్లూ వెలుగు చూశాయి. అరవై ఏండ్ల మౌనం గుప్పెడు నాణేలతో వీడిపోయింది.

అయితే ఇక్కడ మరో తొందరపాటు పనికిరాదు. నాణెం దొరికినచోటే రాజు పుట్టాడని చెప్పలేము. నాణేలు చేతులు మారుతాయి, దూరాలు తిరుగుతాయి. తొలి శాతవాహనులకు తెలుగు నేలతో సంబంధం లేదనే వాదన బలహీనపడింది. అంతకు మించి కోటిలింగాలే వారి జన్మస్థలమని తేలలేదు.

మౌనం ఎన్నడూ సాక్ష్యం కాదా? అవుతుంది. ఉసూల్ గ్రంథాల్లో ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. జుమా నాడు నిండు మస్జిదులో ఖతీబ్ మింబర్ మీద హత్యకు గురయ్యాడని ఒక్కడే చెప్పి, మిగిలిన వందలమంది ఆ ఊసే ఎత్తకపోతే, వారి మౌనమే అతని మాటను కొట్టివేస్తుంది. చెప్పవలసినవారు ఉండి, చెప్పే అవకాశం ఉండి, చెప్పకపోతేనే మౌనానికి విలువ.

ఆదిలాబాద్ చరిత్రలో ఈ కొలబద్ద అవసరం మరింత ఉంది. నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు నాయకత్వాన గోండులు, రోహిల్లాలు కలిసి బ్రిటిష్, నిజాం సేనలను ఎదిరించారు. ఆ పోరాటం 1860లో అణచివేయబడింది. ఒకే మర్రిచెట్టుకు వెయ్యిమందిని ఉరితీశారని జనశ్రుతి. “వెయ్యి ఉరుల మర్రి” అన్న పేరు అలా నిలిచింది. ఇటువంటి చోట కాగితం సాధారణంగా అణచినవారి చేతిలోనే ఉంటుంది. కావున దఫ్తరులో పేర్లు లేవు గనుక రోహిల్లాల త్యాగమే లేదనడం అన్యాయం. కాదని చెప్పే కాగితం లేదు గనుక వెయ్యి అనే లెక్క నిజమే అనడమూ అదే పొరపాటు. మన పెద్దల విషయమైనంత మాత్రాన తూకం మారరాదు.

దివ్య ఖుర్ఆన్‌లోని నమ్ల్ సూరా (27:20-28) ఈ సమతూకాన్ని చూపుతుంది. హుద్‌హుద్ పక్షి కనబడనప్పుడు హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) అది తన కంటికి ఆనలేదా, నిజంగానే గైర్హాజరైందా అని ప్రశ్నించారు. అది తిరిగివచ్చి ఆయనకు తెలియని సబా దేశపు వార్త చెప్పింది. తాను ఎరుగనంత మాత్రాన ఆ వార్తను ఆయన త్రోసివేయలేదు; విన్నంత మాత్రాన నమ్మనూ లేదు. నిజమో కాదో చూస్తామని, లేఖ ఇచ్చి పంపారు. చరిత్ర చదివేవారు పాటించవలసిన పద్ధతి కూడా ఇదే.