తెలుగు ‘క’కి నంబరిచ్చిందెవరు?

కంప్యూటరు మీద మనం ‘క’ కొడితే లోపల పడేది అక్షరం బొమ్మ కాదు, 0సి15 అనే ఒక నంబరు. ఆ నంబరు మన ‘క’కి 1991 అక్టోబరులో, యూనికోడ్ మొదటి ప్రతిలో దక్కింది. ఇచ్చింది ఏ ప్రభుత్వమో, ఏ భాషా పరిషత్తో కాదు. ఆ ఏడాది జనవరిలో కాలిఫోర్నియాలో రిజిస్టరయిన ఒక కంపెనీల కూటమి. జెరాక్స్, యాపిల్, సన్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం వంటివి అందులో ఉన్నాయి. బయట ఒకరి గొంతు ఒకరు పట్టుకునే కంపెనీలు ఒకే బల్ల చుట్టూ ఎందుకు కూర్చున్నట్టు?

భాషల మీద ప్రేమతో అనుకుంటే పొరపాటే. అప్పట్లో ఒక్కో దేశానికి ఒక్కో అక్షరాల పట్టిక ఉండేది. ఫ్రెంచివాళ్ళది ఒకటి, రష్యన్లది మరొకటి, జపాను వాళ్ళవి రెండు మూడు. ఒకే ప్రోగ్రామును దేశదేశానికీ తిరగరాసి, మళ్ళీ పరీక్షించి అమ్మాలి. ఆ ఖర్చు అందరినీ ఒకేలా కొరుకుతోంది. జెరాక్సులో జో బెకర్, యాపిల్‌లో లీ కాలిన్స్, మార్క్ డేవిస్ 1987లో మాటలు మొదలుపెట్టారు. 1988 ఆగస్టులో బెకర్ ఒక ముసాయిదా రాశాడు. ప్రతి అక్షరానికీ పదహారు బిట్లు, అంటే మొత్తం 65,536 గదులు, ప్రపంచమంతటికీ ఒకే పట్టిక. గదులు చాలవని తర్వాత తేలిందనుకోండి, అది వేరే కథ.

అదే సమయంలో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ తనదైన మరో పట్టిక తయారుచేస్తోంది. రెండు విశ్వ పట్టికలుంటే ఒక్కటీ లేనట్టే. 1991లో ఆ సంస్థ ముసాయిదా ఓటింగులో వీగిపోయింది, ఆ తర్వాత రెండింటినీ కలిపేశారు. కంపెనీలు ముందే కదలకపోతే ఈ రాజీ ఇంత త్వరగా కుదిరేది కాదని నా అభిప్రాయం.

ఇరవయ్యేళ్ళుగా నేను కన్సల్టెంటుగా కూర్చునే మీటింగుల్లో ఈ ప్రశ్న ఏదో రూపంలో వస్తూనే ఉంటుంది: “జీతం మనమిచ్చి, మన ఇంజనీరు చేత పోటీవాడికి పని చేయించాలా?” దానికి నాకు తెలిసిన జవాబు ఒకటే. మీరు వెళ్ళకపోతే ప్రమాణం ఆగదు, వెళ్ళినవాడి వాటం ప్రకారం తయారవుతుంది. తర్వాత దాన్ని చచ్చినట్టు పాటించాల్సింది మీరే.

మన లిపి విషయంలో జరిగింది సరిగ్గా అదే. యూనికోడ్ వాళ్ళు భారతీయ లిపుల కోసం మన దేశపు 1988 నాటి ఇస్కీ ప్రమాణాన్ని తీసుకున్నారు. అందులో అన్ని లిపులకీ ఒకే వరస. అందుకే దేవనాగరి ‘క’ 0915, మనది 0సి15. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ ఉమ్మడి వరసలో ఇమడని తెలుగు ప్రత్యేకతలు బయటే ఉండిపోయాయి. కూటమిలో ఓట్లు సభ్య కంపెనీలవి, వాళ్ళ ఖాతాదారుల్లో ‘ౘ’ కావాలని అడిగినవాడు ఎవడున్నాడు?

నంబరొచ్చినంత మాత్రాన అక్షరం తెరమీదికి రాదు. ఒత్తులూ గుణింతాలూ కలిపి చూపించే పనిని ఎవరో ఒకరు చెయ్యాలి. మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి ఓపెన్‌టైపును 1996లో ప్రకటించాయి. విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది 2001లో. కాగితం మీది నంబరు మామూలు కంప్యూటరుకి చేరడానికి పదేళ్ళు పట్టిందన్నమాట. నేను ఎమ్మెస్‌కి అమెరికా వచ్చిన కొత్తలో కూడా ఒక్కో తెలుగు పత్రిక సైటుకి ఒక్కో ఫాంటు దించుకునేవాళ్ళం. ఒకచోట కాపీ చేసిన వార్త ఇంకోచోట అతికిస్తే పిచ్చిగీతలే.

తర్వాత భారత ప్రభుత్వమూ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ రుసుము కట్టి కూటమిలో చేరాయి. అయితే వినతిపత్రం పెట్టడానికి సభ్యత్వం అక్కర్లేదు. 2008లో తెలుగుకి 13 గుర్తులు కొత్తగా చేరాయి: అవగ్రహం, ౘ, ౙ, పాత లెక్కల భిన్నాలు, తూము గుర్తు వగైరా. వాటి కోసం కాగితాలు రాసినవాళ్ళలో అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళున్నారు. ఉద్యోగాలయ్యాక రాత్రిళ్ళు కూర్చుని, పాత పుస్తకాల్లోంచి ఆధారాలు చూపించాల్సిన పని అది.

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’లో కంటికి కనపడని ఒక గుర్తు కలిసి వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. మొదటి రోజు నుంచీ బల్ల దగ్గరున్న యాపిల్ ఫోనది! ప్రపంచమంతా గగ్గోలు పెట్టడంతో అదే నెలలో సరిచేశారు. నకారప్పొల్లు కోసం అలా గగ్గోలు పెట్టేవాళ్ళెవరూ లేరు. దానికి సొంత నంబరు 2021లో, యూనికోడ్ 14లో వచ్చింది. ‘క’ తర్వాత సరిగ్గా ముప్పయ్యేళ్ళకి. నా లాప్‌టాపులోని సగం ఫాంట్లలో దాని స్థానంలో ఇప్పటికీ ఖాళీ డబ్బాయే కనిపిస్తోంది.