పట్టా భూముల్లో వృక్ష సాగు: చట్టాలు, పన్నులు, సహాయ వనరులు

పట్టా భూముల్లో వృక్ష సాగు అంటే ప్రభుత్వ అడవికి బయట, సొంత హక్కున్న నేలలో కలప కోసం, కాగితపు గుజ్జు కోసం, వంటచెరకు కోసం చెట్లు పెంచడం. తెలుగు రాష్ట్రాల చేలలో కనిపించే జామాయిల్, సరుగుడు, సుబాబుల్ తోటలు, గట్ల మీది టేకు వరసలు, రాయలసీమ ఎర్రచందనం, ఇటీవల విస్తరిస్తున్న శ్రీగంధం, మలబారు వేప అన్నీ ఈ కోవలోవే. నేల రైతుదే, మొక్క కొని నాటిందీ రైతే. అయినా ఆ చెట్టును నరకడానికి, తరలించడానికి, అమ్ముకోవడానికి అటవీ, రెవెన్యూ, పన్ను చట్టాల నియమాలు వర్తిస్తాయి. ఈ చట్టాలన్నీ తిరిగి తిరిగి ఒకే ప్రశ్న అడుగుతాయి: ఈ చెట్టు నాటిందా, దానంతటది మొలిచిందా? అనుమతి, పన్ను, ఎగుమతి హక్కు చాలావరకు ఆ జవాబు మీదే ఆధారపడతాయి.

భారత అటవీ సర్వే సంస్థ 2023 నివేదిక ప్రకారం దేశ విస్తీర్ణంలో అడవి, చెట్ల కవచం కలిపి 25.17 శాతం. ఇందులో చెట్ల కవచం 3.41 శాతం. అడవుల వెలుపలి చెట్ల నుంచి ఏటా 9.15 కోట్ల ఘనపు మీటర్ల పారిశ్రామిక కలప తీయవచ్చని ఆ నివేదిక అంచనా. పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరుకును రైతుల సహకారంతో పెంచుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం నిర్దేశించింది. కాగితం మిల్లులకు కలప నేడు ప్రధానంగా రైతుల పొలాల నుంచే వెళుతోంది.

నేపథ్యం

మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద అడవులు చాలావరకు జమీందారుల చేతుల్లో ఉండేవి. జమీందారీల రద్దు ఖాయమని తెలియగానే, చేజారిపోయేలోపు ఉన్న కలపనంతా కొట్టి అమ్ముకునే ప్రమాదం ముంచుకొచ్చింది. దాన్ని ఆపడానికి వచ్చినదే 1949 మద్రాసు ప్రైవేటు అడవుల పరిరక్షణ చట్టం. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ అడవులు ప్రభుత్వపరమయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, కోస్తా, రాయలసీమల్లో అమల్లో ఉన్న 1882 మద్రాసు అటవీ చట్టం, తెలంగాణలోని 1355 ఫసలీ హైదరాబాద్ అటవీ చట్టం రెండింటి స్థానంలో 1967 అటవీ చట్టం వచ్చింది. 2014 తర్వాత తెలంగాణ కూడా దాన్నే తన చట్టంగా అన్వయించుకుంది.

ఈ చరిత్ర నేటి రైతుకూ పనికొస్తుంది. ప్రైవేటు చెట్ల మీద ఆంక్షలు పుట్టింది సహజంగా పెరిగిన అడవిని కాపాడటానికి. వాటి నీడ తర్వాతి కాలంలో, తన చేతులతో నాటుకున్న రైతు మీద కూడా పడింది. గత కొన్నేళ్ల సవరణలు, మినహాయింపులు చాలావరకు ఆ రెంటినీ వేరు చేయడానికి జరిగిన ప్రయత్నాలే.

ఏది అడవి?

1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అడవిని మరో అవసరానికి మళ్లించాలంటే కేంద్రం ముందస్తు అనుమతి ఉండాలి. గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఈ చట్టం పరిధిని విస్తరించింది. యాజమాన్యం ఎవరిదైనా సరే, నిఘంటువు అర్థంలో అడవి అనదగిన నేలకూ, ప్రభుత్వ రికార్డుల్లో అడవిగా నమోదైన నేలకూ చట్టం వర్తిస్తుందని చెప్పింది. 2023 సవరణ ఈ పరిధిని కుదించి, చట్టం పేరును వన సంరక్షణ్ ఏవం సంవర్ధన్ అధినియమ్‌గా మార్చింది. అయితే 1996 నాటి నిర్వచనాన్నే పాటించాలని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 19న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అందువల్ల, రికార్డుల్లో అడవి అనే మాట ఉన్న పట్టా భూమిని కొనేవారు ముందుగా అటవీ శాఖ నుంచి స్పష్టత తీసుకోవాలి. సహజంగా పెరిగిన ప్రైవేటు అడవులకు తెలుగు రాష్ట్రాల్లో 1978 ప్రైవేటు అడవుల పరిరక్షణ నియమాలు కూడా ఉన్నాయి.

నరకడానికి అనుమతి

తెలుగు రాష్ట్రాల్లో పట్టా భూమి చెట్లకు నేరుగా సంబంధించిన చట్టం 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం. ఊళ్లలో అందరూ దీన్ని వాల్టా అనే పిలుస్తారు. మినహాయింపు లేని చెట్టును నియమిత అధికారి అనుమతి లేకుండా నరకకూడదని ఇది చెబుతుంది. నరికినదానికి బదులు మళ్లీ మొక్కలు నాటే బాధ్యతను కూడా యజమాని మీద పెడుతుంది.

టేకు విషయంలో ఈ తతంగం కళ్లారా చూడవచ్చు. దరఖాస్తు పెట్టాక సిబ్బంది చేనుకు వచ్చి సర్వే నంబరు, హద్దులు సరిచూస్తారు. ప్రతి చెట్టు చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే మనిషి ఛాతీ దగ్గర, టేపుతో కొలిచి పుస్తకంలో రాస్తారు. బోదె మీద ఒక నంబరు వేసి, నేలకు దగ్గరగా మొదలు మీద మరో గుర్తు పెడతారు. చెట్టు పడ్డాక ఆ కింది గుర్తు మోడు మీద మిగిలిపోతుంది. లారీలోని దుంగ ఏ మోడుదో తర్వాత తేల్చుకోవడానికి అదే ఆధారం. మోడు మీద గుర్తు చెరిగితే, సొంత చెట్టు నరికిన రైతే తన నిజాయతీని నిరూపించుకోవలసి వస్తుంది.

పొలాల్లో చెట్ల నరికివేతను సులభం చేయడానికి కేంద్ర అటవీ మంత్రిత్వ శాఖ 2025 జూన్‌లో నమూనా నియమాలను రాష్ట్రాలకు పంపింది. తోటను ముందుగానే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని, అనుమతి కూడా అక్కడే పొందాలన్నది వాటి ఉద్దేశం. అవి సూచనలు మాత్రమే. రాష్ట్రం స్వీకరించినప్పుడే చట్టబలం వస్తుంది.

రవాణా

నరకడానికి అనుమతి ఉన్నంతమాత్రాన తరలించే హక్కు రాదు. 1970 అటవీ ఉత్పత్తుల రవాణా నియమాల ప్రకారం కలప లారీతో పాటు పర్మిట్ ఉండాలి. దారిలో చెక్‌పోస్టు దగ్గర దుంగల లెక్క, కొలత, ముద్ర అందులో రాసినదానితో సరిపోవాలి. రైతులు విరివిగా వేసే జామాయిల్, సరుగుడు, సుబాబుల్ వంటి త్వరగా పెరిగే జాతులకు మినహాయింపు ఇచ్చారు. ఇవి అడవిలో దొంగతనంగా కొట్టి తేదగిన సరుకు కావు, పొలంలో పండినవే అన్న నమ్మకం ఈ మినహాయింపుకు మూలం. రాష్ట్రాల సరిహద్దులు దాటే సరుకు కోసం జాతీయ రవాణా పాస్ వ్యవస్థ 2023 డిసెంబరు 29న దేశమంతటా మొదలైంది.

వెదురుది ప్రత్యేక కథ. శాస్త్రం దాన్ని గడ్డి జాతి అన్నా, 1927 భారత అటవీ చట్టం చెట్టుగానే లెక్కించింది. 2017 సవరణతో ఆ నిర్వచనం నుంచి తీసేశారు. మన రెండు రాష్ట్రాలకూ వేరే అటవీ చట్టం ఉంది కాబట్టి వెదురు వేసే రైతు రాష్ట్ర నియమాలను కూడా చూసుకోవాలి.

ఎర్రచందనం, శ్రీగంధం

శేషాచలం, వెలిగొండ, లంకమల వంటి తూర్పు కనుమల దక్షిణ భాగపు కొండల్లో తప్ప ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. 1995 నుంచి ఇది అంతరించే జాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. స్మగ్లింగ్ కారణంగా విధించిన కఠిన ఆంక్షల భారం, పట్టా భూమిలో నాటిన రైతు మీద కూడా సమానంగా పడింది. సొంత భూమిలో సాగు చేసిన ఎర్రచందనం ఎగుమతికి 2019లో విదేశీ వాణిజ్య విధానం దారి తెరిచింది. 2023 నవంబరులో ఆ ఒప్పందం భారత ఎర్రచందనాన్ని ప్రత్యేక సమీక్ష జాబితా నుంచి తొలగించింది. ఇక్కడా కీలకం మూల ధ్రువపత్రమే: ఈ దుంగ నాటిన చెట్టుదని నిరూపించాలి. ఎర్రచందనం వాణిజ్యం నుంచి వచ్చిన ప్రయోజన వాటా కింద ఆంధ్రప్రదేశ్‌లోని 198 మంది సాగుదారులకు, ఒక విద్యాసంస్థకు జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ 2025లో 3 కోట్ల రూపాయలు విడుదల చేసింది.

శ్రీగంధాన్ని ఒకప్పుడు మైసూరులో రాజవృక్షంగా ప్రకటించారు. సొంత చేలో మొలిచినా అది ప్రభుత్వానిదే. చెట్టు మొలిస్తే తంటాలేనని రైతులు దాన్ని పెరగనివ్వలేదు. కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో యాజమాన్యాన్ని భూమి హక్కుదారుకు ఇచ్చాకే సాగు విస్తరించింది. రక్షణ పేరుతో పెట్టిన ఆంక్ష చెట్టునే పొలం నుంచి తరిమేసింది. హక్కు ఇవ్వగానే అదే చెట్టు తిరిగి వచ్చింది.

పన్నులు

వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు. 1961 చట్టంలోని ఈ మినహాయింపు, 2026 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో వచ్చిన 2025 చట్టంలోనూ కొనసాగుతోంది. కలప అమ్మకం వ్యవసాయ ఆదాయమా కాదా అన్నది సుప్రీంకోర్టు 1957లో రాజా బినయ్ కుమార్ సహస్ రాయ్ కేసులో తేల్చింది. దున్నడం, విత్తడం, నాటడం వంటి మూల పనులు నేల మీద జరిగి ఉంటేనే అది వ్యవసాయం. కలుపు తీయడం, కొమ్మలు కొట్టడం, కాపలా కాయడం వంటి తర్వాతి పనులు వాటికి కొనసాగింపుగా ఉంటే లెక్కలోకి వస్తాయి, ఒంటరిగా చాలవు. అందువల్ల నాటిన టేకు అమ్మితే వచ్చేది వ్యవసాయ ఆదాయం. దానంతటది పెరిగిన అడవి కలప మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం కాదు. దుంగలను చెక్కలుగా కోసి అమ్మితే, ఆ అదనపు విలువ వ్యాపార ఆదాయం కిందికి పోతుంది. నర్సరీ మొక్కల అమ్మకం మాత్రం వ్యవసాయ ఆదాయమే.

ఉద్యోగం, వ్యాపారం కూడా ఉన్నవారు మరో సంగతి గమనించాలి. వేరే ఆదాయం కనీస పన్ను పరిమితి దాటి, వ్యవసాయ ఆదాయం 5,000 రూపాయలకు మించితే, పన్ను రేటు నిర్ణయించడానికి ఆ వ్యవసాయ ఆదాయాన్ని కలుపుతారు. 20 ఏళ్ల టేకు సొమ్ము ఒకే ఏడాది చేతికొస్తే ఆ ఏడాది జీతం మీద పై రేటు పడుతుంది. తోటను రెండు మూడు విడతలుగా కొట్టడం ఈ భారాన్ని తగ్గించే తిన్నని దారి. సొంత శ్రమతో గానీ, తన పర్యవేక్షణలో కూలీలతో గానీ సాగు చేసే రైతు తన పంట అమ్మకానికి జీఎస్టీ నమోదు చేసుకోనక్కర్లేదు.

సహాయ వనరులు

భారత్ 2014లో జాతీయ వ్యవసాయ వన విధానాన్ని ప్రకటించింది. ఇలాంటి విధానం తెచ్చిన తొలి దేశం ఇదే. 2016-17లో గట్ల మీద చెట్లు అన్న ఆశయంతో ఉప మిషన్ మొదలై, తర్వాత రాష్ట్రీయ కృషి వికాస్ యోజనలో కలిసి, మేలైన మొక్కల తయారీ మీద దృష్టి పెట్టింది. సాంకేతిక సలహాకు ఝాన్సీలోని కేంద్ర వ్యవసాయ వన పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లో దూలపల్లి అటవీ జీవవైవిధ్య సంస్థ, సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా), ములుగులోని అటవీ కళాశాల, జిల్లాల్లోని కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. భద్రాచలం కాగితం మిల్లు పరిశోధన నుంచి వచ్చిన జామాయిల్ క్లోన్లు రైతుల దిగుబడిని ఎంతో పెంచాయి.

1990లలో టేకు తోటల పేరుతో కంపెనీలు మధ్యతరగతి నుంచి డిపాజిట్లు సేకరించి ముంచాయి. వాటి తర్వాతే 1999లో సెబీ సామూహిక పెట్టుబడి నిబంధనలు వచ్చాయి. ఎకరాకు కోట్లు వస్తాయని, తోట తామే చూసుకుంటామని చెప్పే పథకాన్ని ఆ నిబంధనల కింద నమోదైందో లేదో చూడకుండా నమ్మకూడదు.

దాచుకోవలసిన కాగితాలు

చెట్టు పంటకు దస్త్రం నాటిన రోజే మొదలవ్వాలి. మొక్కలు కొన్న నర్సరీ బిల్లు, నాటిన తేదీతో ఫొటో, అడంగల్ లేదా పహాణీలో చెట్ల నమోదు, పాసుపుస్తకం నకలు, ఏటేటా చుట్టుకొలత రాసుకున్న చిన్న పుస్తకం ఉంటే చాలు. ఇరవై ఏళ్ల తర్వాత రేంజి అధికారి, పన్ను అధికారి, ఎగుమతిదారు వేర్వేరు కార్యాలయాల్లో కూర్చుని ఆ పాత ప్రశ్ననే అడుగుతారు. నాటిన మనిషి అప్పటికి లేకపోయినా, ఆయన పెట్టెలో మడత పెట్టి ఉంచిన నర్సరీ బిల్లు పిల్లల తరఫున జవాబు చెబుతుంది.