గంటకో సెంటీమీటరు: నొప్పుల గీత పుట్టుపూర్వోత్తరాలు

కాన్పు గదిలో గర్భాశయ ముఖద్వారం 10 సెంటీమీటర్లు తెరుచుకుంటేనే బిడ్డ బయటికి వచ్చే దారి ఏర్పడుతుంది. నొప్పులు బలపడ్డాక ఆ దారి గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న లెక్క దశాబ్దాలుగా ప్రసూతి వార్డులను శాసించింది. ఆ లెక్క ఎవరి కోసం పుట్టిందో చూస్తే, ఇవాళ దాన్ని వాడుతున్న తీరు ఎంత దూరం జరిగిందో తెలుస్తుంది.

1955లో న్యూయార్క్ వైద్యుడు ఇమాన్యుయల్ ఫ్రీడ్‌మన్ 500 మంది తొలిచూలు స్త్రీల నొప్పులను గ్రాఫుగా గీశాడు. వారిలో సగానికి పైగా ఫోర్సెప్స్‌తో ప్రసవించారు. 1972లో నేటి జింబాబ్వేలో ఫిల్పాట్, కాసిల్ అనే పరిశోధకులు ఆ గ్రాఫు మీద గంటకో సెంటీమీటరు గీత గీశారు. అక్కడ పల్లె క్లినిక్కుల్లో కాన్పులు చేసేది మిడ్‌వైఫ్‌లు, వైద్యులుండేది దూరాన. గీత దాటితే తల్లిని పెద్దాసుపత్రికి పంపాలి. చికిత్స గురించి తేల్చే రెండో గీత మరో నాలుగు గంటల అవతల ఉంటుంది. బిడ్డ అడ్డుపడి గర్భసంచి చిట్లే ప్రమాదమున్న చోట అది ప్రాణాలు కాపాడే ఏర్పాటు. దాని విలువను తక్కువ చేయలేం.

అయితే శరీరం పని అంతా సెంటీమీటర్లలో కనబడదు. ముందు ముఖద్వారంలోని గట్టి పీచు మెత్తబడాలి. తొలి కాన్పులో ముఖద్వారం పలచబడ్డాకే తెరుచుకుంటుంది. ఒక్కో నొప్పికీ గర్భసంచి పైభాగపు కండరం కుంచించుకుపోతుంది, నొప్పి తగ్గాక మునుపటి పొడవుకు పూర్తిగా రాదు. అలా కొంచెం కొంచెంగా కింది భాగాన్ని బిడ్డ తల మీదుగా పైకి లాగుతుంది. కటి ద్వారం పైన అడ్డంగా వెడల్పు, కింద ముందువెనకలుగా పొడవు. అందుకే పక్కకు తిరిగి దిగిన తల, గడ్డాన్ని ఛాతీకి ఆనించుకుని, లోపలే మలుపు తీసుకుంటుంది. ఆ తిరుగుడు సాగుతున్నంతసేపు పరీక్షించే వేలికి పాత కొలతే తగలవచ్చు.

2010లో జాంగ్ అనే పరిశోధకుడి బృందం అమెరికాలో 62,415 కాన్పుల రికార్డులు పరిశీలించింది. 4 నుంచి 5 సెంటీమీటర్లకు చేరడానికే ఆరు గంటలు దాటవచ్చని తేలింది. అంత ఆలస్యమైనా మామూలుగా ప్రసవించినవారి లెక్కే ఇది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గంటకో సెంటీమీటరు కొలమానాన్ని పక్కనపెట్టి, నొప్పులు బలపడే చురుకైన దశ 5 సెంటీమీటర్ల నుంచి మొదలవుతుందని చెప్పింది. 2020 నాటి దాని కొత్త కాన్పు నమోదు పత్రంలో 5 సెంటీమీటర్ల దగ్గర ఆరు గంటలు, 9 దగ్గర రెండు గంటలు కదలిక లేకపోతేనే హెచ్చరిక.

కదలిక లేదన్న తీర్పు సిజేరియన్‌కూ దారితీయవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5. ముహూర్తాలు, పాత కోతలు, ఫీజులు, నొప్పుల భయం, కారణాలు చాలా ఉన్నాయి. ఒక్క గీతనే నిందించడం తప్పు. కానీ "నొప్పులు సాగడం లేదు" అన్న నిర్ణయం ఎన్ని సెంటీమీటర్ల దగ్గర, ఎన్ని గంటలకు తీసుకున్నారో ప్రతి కేసు షీటు మీదా రాయించాలని నా వాదన. ఆ కొత్త పత్రం గంటలతో పాటు తల్లి పక్కన తోడుందా, నీళ్లు తాగుతోందా, లేచి నడుస్తోందా అనీ రాయమంటుంది. నిలబడి, నడుస్తూ ఉంటే నొప్పుల తొలిదశ సగటున గంటకు పైగా తగ్గుతుందని ప్రయోగాల సమీక్షలు చెబుతున్నాయి. ఇందుకు యంత్రాలు అక్కర్లేదు, రాత్రంతా ఆ మంచం దగ్గర ఉండే మిడ్‌వైఫ్ కావాలి.